ఆడుతూ పోవడమా, ఆగి చూసుకోవడమా? వాలరెంట్ ర్యాంకుకూ గేట్ చదువుకూ ఏ సాధన మేలు

ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో రాత్రి భోజనమయ్యాక తొమ్మిది నుంచి పన్నెండు వరకు దొరికే మూడు గంటలే నా సొంత సమయం. ఆ మూడు గంటలనూ ఒకే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వాలరెంట్ అనే తుపాకీల కంప్యూటర్ ఆటకూ, ఇంజనీరింగ్ పీజీ ప్రవేశ పరీక్ష గేట్ చదువుకూ పంచుకునేవాణ్ణి. రెండింటిలోనూ నేర్పే మనిషి ఎదురుగా లేడు. మా కాలేజీ నుంచి అమీర్‌పేట దాకా వెళ్ళి కోచింగ్ తీసుకునే వీలు లేదు. ఆటకు శిక్షకుడు ఉంటాడన్న ఊహ అసలే లేదు. అందుచేత ఎలా నేర్చుకోవాలన్న సంగతి కూడా నేనే తేల్చుకోవలసి వచ్చింది. రెండు చోట్లా ఒకే రకంగా, ఒకే రకమైన పొరపాటుతో తేల్చుకున్నానని ఏడాదిన్నర తరువాత గాని తెలియలేదు.

గురువు లేకుండా నేర్చుకునేవాడి ముందు ఉండే దారులు నాలుగు. బాగా వచ్చినవాళ్ళు చేస్తుంటే చూడడం ఒకటి. లెక్క చూసుకోకుండా చేస్తూ పోవడం రెండోది: ఆటలో మ్యాచ్ మీద మ్యాచ్, చదువులో పుస్తకం మళ్ళీ మళ్ళీ చదవడం. ఒక్కొక్క అంశాన్ని విడదీసి కసరత్తు చేయడం మూడోది. చేసినదాన్ని ఆపి, ఎక్కడ తప్పు జరిగిందో వెనక్కు వెళ్ళి వెతుక్కోవడం నాలుగోది.

మొదటి దాని గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పెద్ద ఆటగాళ్ళ స్ట్రీములు చూసినప్పుడూ, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఐఐటీ ఆచార్యుల పాఠాలు విన్నప్పుడూ మనకు కలిగే భావం ఒక్కటే, అంతా అర్థమవుతోందని. అర్థమైంది నిజమే కావచ్చు, కానీ చేతికి వచ్చిందా లేదా అన్నది ఆ వీడియో చెప్పదు. కొత్త మ్యాప్ దారులు తెలుసుకోవడానికో, మొదటిసారి ఒక అధ్యాయంలోకి అడుగుపెట్టడానికో చూడడం పనికివస్తుంది, అంతకు మించి ఆశించకూడదు.

మ్యాచ్‌లు పెంచితే ఏమవుతుంది

వాలరెంట్ ఐదుగురు ఐదుగురితో ఆడే ఆట. ముందుగా 13 రౌండ్లు గెలిచిన జట్టుది విజయం, ఒక్కో రౌండు నిడివి 100 సెకన్లు. వాండల్ తుపాకీ గుండు ఎంత దూరం నుంచైనా తలకు తగిలితే 160 నష్టం చేస్తుంది. పూర్తి కవచం తొడుక్కున్న ఆటగాడి బలం మొత్తం 150 మాత్రమే. అంటే ఒక్క గుండు చాలు. ఈ ఒక్క అంకె వల్ల కొత్తవాళ్ళందరూ ఆట అంటే గురి అనుకుంటారు, గురి కుదరాలంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడాలనుకుంటారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి. ఇరవై రౌండ్ల మ్యాచ్‌లో సాధారణ ఆటగాడు పదిహేను సార్లు చంపుతాడు, పదిహేను సార్లు చస్తాడు. ముఖాముఖి కాల్పులు అటూ ఇటూగా ముప్పై అనుకుంటే, ఒక్కొక్కటి ఒకటి రెండు సెకన్లకు మించదు. ముప్పై అయిదు, నలభై నిమిషాల మ్యాచ్‌లో నిజంగా గురికి పని పడేది నిమిషమే. మిగిలిన సమయమంతా నడవడం, అడుగుల చప్పుడు వినడం, కాపు కాయడం, డబ్బు లెక్క చూసుకోవడం, చనిపోయాక తోటివాళ్ళ ఆట చూడడం. గురి కోసం మ్యాచ్‌లు ఆడడమంటే నిమిషం పని కోసం నలభై నిమిషాలు ఖర్చుపెట్టడం.

అలాగని మ్యాచ్ వృథా అని కాదు. మొదటి రౌండులో 800 క్రెడిట్లతో ఏం కొనాలి, వాండల్‌కు 2900, కవచానికి 1000 జట్టులో అందరి దగ్గరా లేనప్పుడు ఈ రౌండు వదులుకుని వచ్చే రౌండుకు దాచుకోవాలా, ప్రత్యర్థి స్పైక్ (బాంబు) పెట్టాక అది పేలేలోగా మిగిలే 45 సెకన్లలో ఎప్పుడు లోపలికి దూరాలి, ఇవి మ్యాచ్‌లో తప్ప మరెక్కడా రావు. నేను చెప్పేది, చేస్తూ పోవడం వల్ల ఏం వస్తుందో ఏం రాదో వేరు చేసుకోవాలని మాత్రమే.

చదువులో దీనికి జోడీ, అదే నోట్సును మూడోసారి, నాలుగోసారి చదవడం. దీని మీద రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగం ప్రసిద్ధమైనది. కొందరు విద్యార్థులు ఒక పాఠ్యభాగాన్ని నాలుగు విడతల్లో మళ్ళీ మళ్ళీ చదివారు. మరికొందరు ఒక విడత మాత్రమే చదివి, తరువాతి మూడు విడతల్లో పుస్తకం చూడకుండా గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్ష పెడితే చదివినవాళ్ళు 83 శాతం, రాసినవాళ్ళు 71 శాతం చెప్పగలిగారు. వారం తరువాత అదే పరీక్షలో చదివినవాళ్ళు 40కి పడిపోయారు, రాసినవాళ్ళు 61 దగ్గర నిలిచారు. పరీక్ష ముందురాత్రి చదువు ఎందుకు గట్టెక్కిస్తుందో, పై సెమిస్టరుకు ఎందుకు ఏమీ మిగలదో ఈ రెండు జతల అంకెల్లోనే ఉంది.

విడదీసి చేసే కసరత్తు

గురి ఒక్కటే కావాలంటే డెత్‌మ్యాచ్ ఉంది: జట్లు లేకుండా ఎవరికి వారుగా ఆడతారు, తొమ్మిది నిమిషాల్లోనో ఎవరైనా 40 మందిని చంపగానో ముగుస్తుంది. మామూలు మ్యాచ్‌లో దొరికే ముఖాముఖిలన్నీ ఇక్కడ ఆ తొమ్మిది నిమిషాల్లోనే దొరుకుతాయి. ఇంకా విడదీయాలంటే ఎయిమ్ ల్యాబ్ వంటి గురి సాధన సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. పరుగెడుతూ కాల్చితే గుండు ఎటో పోతుంది కనుక, ఆగి కాల్చడం అనే ఒక్క అలవాటు కోసం ప్రాక్టీస్ రేంజ్‌లో పది నిమిషాలు గడపడం మేలని నా అభిప్రాయం. అయితే దీనికి ఒక హద్దు ఉంది. ఎయిమ్ ల్యాబ్‌లో మంచి మార్కులు తెచ్చుకుంటూ ర్యాంకు మాత్రం సిల్వర్ అనే కింది మెట్టులోనే ఉండిపోయిన స్నేహితుడు నాకున్నాడు. ఎప్పుడు ఎటు చూడాలో ముందే తెలిసినప్పుడు గురి పెట్టడం వేరు, ఎటు చూడాలో తేల్చుకుంటూ గురి పెట్టడం వేరు.

లెక్కల విషయంలో ఇదే సంగతిని రోరర్, టేలర్ 2007లో కొలిచి చూపించారు. నాలుగు రకాల ఘనాకృతుల ఘనపరిమాణం కనుక్కునే లెక్కలను ఒక గుంపు రకం తరువాత రకంగా చేసింది, మరో గుంపు కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నప్పుడు మొదటి గుంపు 89 శాతం, రెండో గుంపు 60 శాతం సరిగా చేసింది. వారం తరువాతి పరీక్షలో మొదటి గుంపు 20 శాతానికి జారితే, రెండో గుంపు 63 శాతం తెచ్చుకుంది. అధ్యాయం చివరి లెక్కలన్నీ ఒకే సూత్రంతో తేలేవే కనుక, ఏ సూత్రం వాడాలన్న ప్రశ్నే అక్కడ తలెత్తదు. గేట్‌లో 65 ప్రశ్నలు, మూడు గంటలు. ఏ ప్రశ్న ఏ అధ్యాయానిదో ఎవరూ చెప్పరు. కాబట్టి కొత్త అంశం నేర్చుకునే మొదటి రెండు రోజులు అధ్యాయం వారీగా చేసి, ఆ తరువాత పాత ప్రశ్నపత్రాల్లోంచి కలిపి తీసుకోవడం మంచిది. అలా చేసినప్పుడు మార్కులు తగ్గుతాయి, మనసు చివుక్కుమంటుంది, మళ్ళీ అధ్యాయం వారీ లెక్కలకే పోబుద్ధవుతుంది. నేను అలా రెండుసార్లు వెనక్కు పోయాను.

ఆగి వెనక్కు చూసుకోవడం

ఇలాంటిదే అయిన కౌంటర్ స్ట్రైక్ ఆట ఆడేవాళ్ళకు తమ మ్యాచ్‌ను డెమోగా తిరిగి చూసుకునే సౌకర్యం చాలా కాలంగా ఉంది. వాలరెంట్‌లో ఆ సౌకర్యం 2025లో గాని రాలేదు. అంతవరకు స్క్రీను రికార్డు చేసుకోవడమే దారి. నేను చేసినది కూడా అదే. అసెంట్ మ్యాప్‌లో ఓడిపోయిన ఒక మ్యాచ్‌ను తీసుకుని, నా చావులన్నీ వరుసగా చూసి, ఒక్కొక్కదాని పక్కన ఒక్క వాక్యం రాశాను. మొత్తం పదహారు చావులు. వాటిలో గురి తప్పి చచ్చినవి నాలుగు. ఒకసారి తొంగి చూసి కంటబడ్డ చోటు నుంచే మళ్ళీ తొంగి చూసి చచ్చినవి అయిదు. నేను పడిపోతే నన్ను చంపినవాణ్ణి వెంటనే చంపడానికి తోటివాడు దగ్గర లేని చావులు నాలుగు. మిగిలిన మూడూ మనవాళ్ళు అయిదుగురు, వాళ్ళు ముగ్గురు ఉన్నప్పుడు ఊరికే కూర్చుంటే సరిపోయేదానికి, బీ మెయిన్ అనే దారిలోకి ఒంటరిగా ఎదురువెళ్ళి తెచ్చుకున్నవి. అప్పటికి ఆరు నెలలుగా నేను చేస్తున్నదల్లా గురి కసరత్తే.

ఈ దారి మీద జనానికి ఉండే ఫిర్యాదు, ఇది సరదాగా ఉండదని. నిజమే. ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థులను పరిశీలించి 1993లో రాసిన పత్రంలో కూడా, నైపుణ్యాన్ని పెంచే సాధన శ్రమతో కూడినదనీ, దానంతట అది సంతోషాన్నిచ్చేది కానక్కరలేదనీ చెప్పారు. ఆ పత్రాన్ని పట్టుకుని పదివేల గంటల సూత్రమొకటి ప్రచారంలోకి వచ్చింది గానీ, గంటలు పోగేస్తే చాలన్నది ఎరిక్సన్ మాట కాదు, ఆయన దాన్ని ఒప్పుకోలేదు కూడా.

చదువులో ఇది తప్పుల నోట్‌బుక్ రూపం తీసుకుంటుంది. పాత గేట్ ప్రశ్నపత్రం రాశాక, తప్పిన ప్రతి ప్రశ్న పక్కన కారణం రాయాలి: విషయమే తెలియదా, తెలిసీ గుర్తు రాలేదా, ప్రశ్న సరిగా చదవలేదా, గుణకారంలో జారిపోయామా. ఈ నాలుగింటికీ మందులు వేరు. మొదటిదానికి పుస్తకం, రెండోదానికి చూడకుండా రాసే అభ్యాసం, మూడోదానికి నెమ్మది. అన్నింటినీ కలిపి ఇంకా చదవాలి అని తీర్మానించుకుంటే, ప్రశ్న చదవడంలో పొరపడేవాడు పుస్తకం మళ్ళీ మొదటి నుంచి చదువుతాడు. రెండు మార్కుల బహుళైచ్ఛిక ప్రశ్న తప్పితే మూడింట రెండు వంతుల మార్కు కోత పడుతుంది కనుక, ఊహించి రాసి సరిపోయిన జవాబులను కూడా ఈ నోట్‌బుక్‌లో ఎక్కించాలి. అవి అదృష్టం, జ్ఞానం కాదు.

నాలుగు దారుల్లో ఏది మేలని అడిగితే నా సమాధానం ఈ నాలుగోదే. అయితే ఆటకూ చదువుకూ ఇక్కడ ఒక పెద్ద తేడా ఉంది. ఆటలో ఫలితం క్షణంలో తెలుస్తుంది కానీ దానిలో మిగతా తొమ్మిది మంది పాత్ర కలిసి ఉంటుంది. పైగా ఆట మనను సమఉజ్జీలతోనే కలుపుతుంది కాబట్టి, ఏ మార్పూ లేనివాడు కూడా పది మ్యాచ్‌లలో ఏడో అంతకు మించో గెలిచే అవకాశం 17 శాతం ఉంటుంది. ఆ వారం కొత్త మౌస్ కొన్నవాడు మౌస్ మహిమ అనుకుంటాడు. చదువులో జవాబు మనది ఒక్కరిదే, కీ దగ్గర పెట్టుకుంటే నిజం పూర్తిగా తెలుస్తుంది. అయితే మనంతట మనం పరీక్ష పెట్టుకోకపోతే ఆ నిజం సెమిస్టరు చివర గాని బయటపడదు. అందుకని ఆటలో గెలుపోటములు పక్కనపెట్టి చావుల కారణాలు లెక్కపెట్టాలి, చదువులో ప్రతి వారం మార్కులే లెక్కపెట్టాలి.

ఒంటరిగానా, ఐదుగురితోనా

మ్యాచ్ కోసం ఒంటరిగా క్యూలోకి వెళితే ముంబయి సర్వరులో హిందీయో ఇంగ్లీషో మాట్లాడే అపరిచితులు నలుగురు తగులుతారు. హాస్టల్ స్నేహితులు ఐదుగురం కలిస్తే 'మార్కెట్‌లో (మ్యాప్‌లో ఒక చోటు) ఒకడు, దెబ్బ తగిలింది' అని సగం మాటలోనే పని జరుగుతుంది, పైగా ఎందుకు ముందుకెళ్ళావురా అని అడిగేవాడు ఉంటాడు. ఆ ప్రశ్నే సగం శిక్షణ. ఐదుగురూ చేరడానికి అరగంట పట్టినా, ఆటలో జట్టుకే నా ఓటు.

చదువులో దీన్ని అలాగే తెచ్చి పెట్టడం కుదరలేదు. పరీక్షల ముందు ఐదుగురం ఒక గదిలో చేరితే ఒకడు చదివి వినిపించేవాడు, నలుగురం తలలూపేవాళ్ళం, పదకొండు దాటాక ముచ్చట్లు. పైగది అన్న ఒకాయన అప్పటికే గేట్ రాసి ఉన్నాడు. ముందు ఎవరికి వారు పేపరు రాసుకుని, తప్పిన ప్రశ్నలతో మాత్రమే ఇద్దరిద్దరుగా కూర్చోమని చెప్పాడు. డేటాబేస్ పాఠంలోని నార్మలైజేషన్‌లో నేను తప్పిన లెక్కను నా పక్కవాడికి వివరించబోయి, మధ్యలో ఆగిపోయిన చోటే నాకు తెలియని చోటని ఆ రోజు తెలిసింది.

చివరకు కుదిరిన పంపకం ఇది: వారంలో నాలుగు రాత్రులు చదువు, రెండు రాత్రులు జట్టుతో ఆట, ఒక రాత్రి నోట్‌బుక్, ఆ నోట్‌బుక్‌లో ఒకవైపు చావులు, రెండోవైపు తప్పిన ప్రశ్నలు. గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది కనుక జనవరి రెండో వారం నుంచి ర్యాంకెడ్ (ర్యాంకు కోసం ఆడే మ్యాచ్‌లు) పూర్తిగా మానేశాను. తిరిగి వెళ్ళేసరికి గురి రెండు రోజుల్లో చేతికి వచ్చింది, ఆడే మ్యాప్‌ల జాబితా మాత్రం మారిపోయి ఉంది. అందులోంచి తీసేసిన మ్యాప్ మీద నేను రాసుకున్న పదకొండు పేజీలు దండగ. అటు వైపున్న నార్మలైజేషన్ పేజీలు మాత్రం జూన్‌లో ఉద్యోగపు ఇంటర్వ్యూకు ముందురోజు మళ్ళీ తెరిచాను.