ఇంట్లనే కాంపౌండ్ బో సర్వీసింగ్: రెండేండ్ల సంది నేను వాడుతున్న సామాను, ఏది పనికొచ్చింది ఏది దండగ

మాది హన్మకొండ. మా బిడ్డ ఇంటర్ సెకండియర్, మూడేండ్ల సంది కాంపౌండ్, అంటే కొసలకు చక్రాలుండే విల్లు, ఆడుతది, బో ఆమెది, పానాలు నాయి. మొదటి ఏడాది ఏ చిన్న పని పడ్డా, పీప్ (తాడుల గురి చూసే చిన్న రంధ్రం) తిరిగినా డీ-లూప్ (లాగేటందుకు తాడుకు కట్టే చిన్న ఉచ్చు) పాతబడ్డా, బో కేస్ పట్టుకొని కాజీపేటల రైలెక్కి సికింద్రాబాద్ పోవుడే. పావుగంట పనికి నాకు ఒక రోజు డ్యూటీ పోతది, ఆమెకు ఒక రోజు ప్రాక్టీస్ పోతది. మా దిక్కు బో ప్రెస్, అంటే బోను నొక్కి తాడు లూజు చేసే సామాను, ఉన్న షాపు నాకైతే దొరకలే. 2025ల మన సుల్తానాబాద్ అమ్మాయి తానిపర్తి చికిత విన్నిపెగ్ యూత్ వరల్డ్ ఛాంపియన్‌షిప్‌ల కాంపౌండ్ గోల్డ్ కొట్టింది, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌ల కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ కూడా పెట్టిండ్రు, ఇగ మన పిల్లలు చాలా మంది ఈ ఆటకు వస్తరు, వాళ్ల అమ్మానాన్నలకు నేను పోగొట్టుకున్న పైసలు పోవద్దని ఇదంతా రాస్తున్న.

ముందుగాల చెప్పేది, మొట్టమొదలు ప్రెస్ కొనకండి. నేను గదే చేసిన. ఆన్‌లైన్‌ల ఒక పోర్టబుల్ ప్రెస్ కనపడ్డది, రెండు దిక్కుల కొక్కేలు, వైరు రోప్, నడుమ తిప్పే రాడ్, ధర 6 వేల చిల్లర, సంచిల పడుతది, ఇంకేం కావాలె అనుకున్న. వచ్చినంక బోకు తగిలిస్తే మా బిడ్డ బో లింబ్‌లు (పిడికి పైనా కిందా వంగే బద్దలు) దాదాపు పడుకున్నట్టు ఉంటయి, అంటే రెండు లింబ్‌లు ఒకదానికొకటి సమాంతరంగ దాటి వంగి ఉంటయి, ఆ కోణానికి ఈ కొక్కెం సరిగ్గ కూసుంటలేదు. సగం తిప్పినంక టక్కుమన్నది, చూస్తే కింది కొక్కెం లింబ్ అంచు మీద రెండు మిల్లీమీటర్లు జారింది. ఇంక కొంచెం జారితే ఏమయ్యేదో తల్సుకుంటేనే చేతులు వణికినయ్, ఎందుకంటే ఆ టైంల స్ట్రింగ్ సగం లూజు అయ్యింది, మొహం బోకు అడుగు దూరంల ఉన్నది. మెల్లగ వెనక్కి తిప్పి తీసేసిన. అమ్మినాయన రిటర్న్ గడువు అయిపోయింది అన్నడు, ఇంక ఆ ప్రెస్ అటక మీద ఉన్నది. పోర్టబుల్ ప్రెస్‌లన్నీ చెడ్డయి అని నేను అంటలేను, లింబ్‌లు కొంచెం నిలువుగ ఉండే పాత మోడల్ బోలకు సరైన అడాప్టర్‌తోని మంచిగనే పనిచేస్తయి. మీ బో కంపెనీ మాన్యువల్‌ల ఏ రకం ప్రెస్ వాడొచ్చో రాసి ఉంటది, అది చదివినంకనే కొనుండ్రి.

మరి ముందుగాల ఏం కొనాలె అంటే, అలెన్ కీ సెట్. నవ్వకండ్రి. అమెరికా బోల స్క్రూలు అంగుళాల లెక్కల ఉంటయి, మన చౌరస్తాల హార్డ్‌వేర్ షాపుల దొరికే సెట్ మిల్లీమీటర్ల లెక్కల ఉంటది. 1/8 అంగుళం అంటే 3.17 మిల్లీమీటర్లు, దాంట్ల 3 కీ పెడితే దూరుతది గని లూజుగ ఉంటది, గట్టిగ తిప్పితే స్క్రూ లోపలి మూలలు గుండ్రమైతయి. రెస్ట్ (బాణం ఆనే భాగం) బిగించే స్క్రూ ఒకటి నేను గట్లనే ఖరాబు చేసిన, తర్వాత దాన్ని తీయడానికి లేత్ వర్క్‌షాప్ దాకా పోవాల్సి వచ్చింది. 1/4 అంగుళం బోల్ట్‌కు 6 కీ పెడితే ఇంక ఘోరం, 0.35 మిల్లీమీటర్ తేడా, అది లింబ్‌ను పిడికి బిగించే లింబ్ బోల్ట్ అయితే మీ పని అయిపోయినట్టే. 3/16 అయితే అసలు కుదరదు, 4 పెడితే గలగల, 5 దూరనే దూరదు. ఒక్క 5/64కు మాత్రం మన 2 కీ దగ్గర దగ్గర సరిపోతది. అందుకని అంగుళాల సెట్ ఒకటి, మంచి స్టీలుది, 1/16 నుంచి 1/4 దాకా ఉండేది కొనుండ్రి, దానికి పెట్టిన ఒక్క రూపాయి కూడా దండగ పోదు. నా లెక్కల ఈ మొత్తం సామాన్ల 5కు 5 వచ్చేది ఇదొక్కటే.

రెండోది వేలాడదీసే కాటా. సూట్‌కేస్‌లు తూచే డిజిటల్ కాటా, 50 కిలోలది, చాలు. కానీ అతి ఎక్కువ బరువును పట్టి ఆపి చూపెట్టే ఆప్షన్ ఉండాలె, ఎందుకంటే కాంపౌండ్‌ల లాగేటప్పుడు నడుమ బరువు మస్తు పెరిగి చివరికి పడిపోతది, మామూలు కాటా అయితే ఆ పై అంకె కండ్లకు కనపడే లోపు పోతది. పోటీలల్ల కాంపౌండ్‌కు 60 పౌండ్లు దాటొద్దు, అంటే 27.2 కిలోలు. మా బిడ్డ 48 పౌండ్లు పెట్టుకుంటది, కాటా మీద 21.8 రావాలె. బరువు మార్చేటందుకు లింబ్ బోల్ట్ తిప్పితే పైదీ కిందిదీ సరిసమానం తిప్పాలె, మాన్యువల్‌ల ఎన్ని రౌండ్లు అని ఉంటదో అంతకు మించి ఎట్టి పరిస్థితుల విప్పొద్దు.

ఇగ డ్రా బోర్డ్, అంటే బోను మెల్లగ లాగి ఆపి చూసే చెక్క. దీని గురించి ఎంత చెప్పినా తక్కువనే. నేను కొనలే, మా గల్లీ వడ్రంగి అన్నతోని చేయించిన, 5 ఫీట్ల గట్టి చెక్క, ఒక దిక్కు బో పిడి ఆన్చే ఖుంట, దానికి సైకిల్ ట్యూబ్ చుట్టిన, ఇంకో దిక్కు పళ్ల చక్రం ఉన్న చేతి విన్చ్, అంటే పడవలు లాగేటందుకు వాడే రకం, వెనక్కి జారకుండ టకటక పట్టుకుంటది. ఖుంటను నట్టు బోల్టుతోని ఆర్పార్ బిగించాలె, ఉత్త స్క్రూల మీద నమ్మకం పెట్టుకోకండి. బోను పండబెట్టి, డీ-లూప్‌కు కొక్కెం తగిలించి, మెల్లగ తిప్పుకుంట పోతే రెండు క్యామ్‌లు, అంటే కొసల చక్రాలు, తిరుగుడు కండ్ల ముందట కనపడుతది. చివర్ల పైన క్యామ్ స్టాప్ (లాగుడు ఆపే ముక్క), కింది క్యామ్ స్టాప్ రెండూ ఒక్కసారే తగలాలె. మా బిడ్డ చాలా రోజుల సంది "డాడీ, చివర్ల గట్టిగ ఆగుతలేదు, మెత్తగ ఉన్నది" అంటుండె, నేను చేతుల అలసట అనుకున్న. బోర్డ్ మీద పెట్టి చూస్తే పైది తగిలినంక కిందిది ఇంకా గోరంత దూరం పోతున్నది! ఒక కేబుల్‌కు, అంటే క్యామ్‌లకు కట్టిన పక్క తాడుకు, అర ట్విస్ట్ (సగం మెలిక) ఇచ్చి మల్ల చూసి, ఇంకో అర ట్విస్ట్ ఇస్తే సరిగ్గ కుదిరింది. అంతకు ముందు 50 మీటర్ల మీద బాణాలు నిలువు గీత లెక్క పైకీ కిందికీ పడుతుండె, 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద పది గీత అడ్డం 8 సెంటీమీటర్లే, ఆమె తప్పు లేకుండనే తొమ్మిదీ ఎనిమిదీ పడుతుండె. ఆ రోజు సాయంత్రం గుంపు గుండ్రమైంది. ట్విస్ట్ ఇచ్చిన ప్రతిసారి గోడ మీద చాక్‌పీస్‌తోని రాసుకుంట, ఎటు ఎన్ని తిప్పిన్నో మరిచిపోతే మల్ల మొదటికి రావుడే.

ట్విస్ట్ ఇయ్యాలంటే కేబుల్ విప్పాలె, విప్పాలంటే ప్రెస్ కావాలె, నిజమే. ఆ పని కోసం రెండోసారి వేళ్ల రకం ప్రెస్ తెప్పించినం, లాస్ట్ ఛాన్స్ ఆర్చరీ వాళ్ల ఈజీ గ్రీన్ అనే మోడల్, ముగ్గురు పిల్లల తల్లిదండ్రులం పైసలు కల్పుకున్నం. దీంట్ల రెండు దిక్కుల ఇనుప వేళ్లు లింబ్ చివర్లను పట్టుకొని లోపలికి నెడుతయి, బో లాగినప్పుడు లింబ్ ఎటు వంగుతదో గటే వంగుతది, జారే సవాలే లేదు. బరువెక్కువ, టేబుల్‌కు బిగించాలె, ధర కూడా ఎక్కువనే, కానీ ముగ్గురి బోలు దీని మీదనే అయితున్నయి. ఒక్కరే కొనాల్సి వస్తే నేను కొనకపోదును, కల్పుకోండ్రి.

చిన్న సామాన్ల సంగతి. డీ-లూప్ బిగించే ప్లయర్ అని వేరే అమ్ముతరు, అవసరం లేదు, మెకానిక్‌ల కాడ ఉండే బయటి సర్‌క్లిప్ ప్లయర్, నొక్కితే మొనలు తెరుచుకునేది, గదే పనిచేస్తది. మొనలు సూదిగ ఉంటయి, వాటి మీద వైర్లకు తొడిగే ముడుచుకునే ట్యూబ్ వేడి చేసి ఎక్కిచ్చిన, లేకపోతే లూప్ తాడు తెగుతది. లూప్ తాడు కొసలు లైటర్‌తోని కరిగించి గుండ్రంగ బొడిపె చెయ్యాలె. సైట్ (బో మీద గురి చూసే భాగం) నిలువు చూసేటందుకు మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండూ దారమూ చాలు, కరెక్ట్‌గ చూపెడుతది. బాణం బరువుకు గ్రెయిన్ స్కేల్ కావాలంటరు, 0.01 గ్రాము చూపెట్టే చిన్న జేబు కాటాతోనే మంచిగ పనైతది, ఒక గ్రెయిన్ అంటే 0.065 గ్రాము. బో స్క్వేర్, అంటే తాడుకు తగిలిచ్చి కొలిచే మూలమట్టం, మాత్రం కొనుండ్రి, చౌకదే, దాని బదులు ఏదీ పనిచెయ్యదు. సైట్, రెస్ట్ స్క్రూలకు బ్లూ లాక్‌టైట్ (స్క్రూ లూజు కాకుండ పట్టే జిగురు) ఒక చుక్క, ఎర్రది వాడితే మల్ల ఊడదు.

పేపర్ ట్యూనింగ్, అంటే కాయితంల నుంచి బాణం వేసి చిరుగు చూసి బో సరి చేసుడు, దాని ఫ్రేమ్‌కు పైసా ఖర్చు పెట్టకండి. అట్ట డబ్బా నడుమ కోసి పాత పేపర్ అంటిచ్చి, 6 ఫీట్ల దూరం నుంచి వెయ్యాలె, వెనక మంచి బట్ (బాణం ఆగే దిమ్మ) ఉండాలె. బాణం తోక పైకి చింపితే నాక్ పాయింట్ (తాడు మీద బాణం తగిలిచ్చే చోటు) జర దించాలె. కానీ అంతకు ముందు రెక్కలు రెస్ట్‌కు తగులుతున్నయా చూడుండ్రి, రెస్ట్ మీద మొహం పౌడర్ చల్లి ఒక బాణం వేస్తే గీతలు కనపడుతయి. మేము రెండు రోజులు నాక్ పాయింట్ దించుకుంట ఎక్కిచ్చుకుంట కూసున్నం, తప్పు రెక్కది.

ఎండల గురించి ప్రత్యేకంగ చెప్పాలె. రామగుండం, మన దిక్కు మే నెల ఎండ మీకు తెలుసు, కారు డిక్కీల బో పెట్టి పోకండి. స్ట్రింగ్ సాగుతది, పీప్ తిరుగుతది. ఒకసారి మధ్యాహ్నం పెండ్లి ఉండి డిక్కీల పెట్టినం, సాయంత్రం గ్రౌండ్‌ల లాగితే పీప్‌ల నుంచి సగం చందమామ లెక్క కనపడ్డదంట. అర ట్విస్ట్‌తోని సరి చేసిన గని, ఆ స్ట్రింగ్ అప్పటి సంది నమ్మకంగ లేదు. వాన కాలం అయితే తుప్పు, క్యామ్ ఇరుసు కొసల ఉండే చిన్న క్లిప్‌లు వారానికోసారి చూడుండ్రి, అవి ఊడితే ఇరుసు బయటికి వస్తది. మైనం స్ట్రింగ్‌కు వేళ్లతోని వెచ్చగ రుద్దాలె, సర్వింగ్ (తాడు మీద చుట్టిన దారం) మీద పుయ్యొద్దు.

ఇంకొకటి, దూది. ప్రతి ఆదివారం లింబ్ అంచుల వెంట దూది ముద్ద మెల్లగ జరుపుత, ఏడనన్న పోగు తట్టుకుంటే అక్కడ చీలిక మొదలైందని అర్థం. బాణాలు కూడ చెవి కాడ పెట్టి వంచి వింటం, చిటపట అంటే విరగ్గొట్టి పారేసుడే, అది ఎంత రేటుదైనా సరే. పోయిన నెల ఒక బాణం గట్ల అన్నది, మా బిడ్డ ఇంకోసారి వేసి చూస్త అన్నది, నేను ఆమె చేతుల నుంచి గుంజుకొని అక్కడనే విరిచేసిన, లోపల కార్బన్ పోగులు సూదుల లెక్క లేచినయ్, ఇద్దరం సప్పుడు చెయ్యకుండ చూసుకుంట నిలబడ్డం.