కిత్సునేనా, తనుకీనా: వేషం మార్చడంలో ఎవరిది పైచేయి?

జపాన్ జానపద కథల్లో కామరూపులు చాలానే ఉన్నా, అసలు పోటీ రెండింటి మధ్యే. ఒకటి కిత్సునే, అంటే గుంటనక్క. రెండోది తనుకి. మొహం మీద నల్లమచ్చలు చూసి దీన్ని రకూన్ (అమెరికా ఖండపు జంతువు) అనేస్తుంటారు గానీ, నిజానికి కుక్కల కుటుంబానికి చెందిన జంతువు.

"నక్కకు ఏడు వేషాలు, తనుకికి ఎనిమిది" అని అక్కడో సామెత. లెక్క ప్రకారం తనుకిదే గెలుపు. ప్రాణం లేని వస్తువుగా మారడంలోనూ దాన్ని మించింది లేదు. గున్మా ప్రాంతంలోని మోరింజి గుడి పేరుతో చెప్పే కథలో అది ఏకంగా టీ కాచే కెటిల్ అయి కూర్చుంటుంది. పొయ్యి మీద పెట్టేసరికి ఒళ్లు చుర్రుమని తల, కాళ్లు, తోక బయటపడతాయి. మెయిజీ కాలంలో (1868-1912) రైళ్లొచ్చాక ఆవిరి బండి కూతను కూడా అనుకరించిందట. నిజం బండి ఎదురొచ్చింది, తెల్లారి పట్టాల పక్కన తనుకి చచ్చి పడుంది. సరదా ఎక్కువ, ముందుచూపు తక్కువ.

నక్క అలా కాదు. దానికి వేషం ఆట కాదు, కాపురం. 9వ శతాబ్దం తొలినాళ్ల బౌద్ధ కథల సంకలనం 'నిహోన్ ర్యోఇకి'లో మినో ప్రాంతపు మనిషి ఒకామెను పెళ్లాడతాడు, కొడుకు పుడతాడు. అదే సమయంలో ఇంట్లో కుక్కపిల్లా పుడుతుంది. అది ఆమెను చూస్తే చాలు, పళ్లు నూరుతుంది. ఒకరోజు వడ్లు దంచేవాళ్లకు తిండి పెట్టడానికి వెళ్లినప్పుడు కరవబోతుంది. ఆమె హడలిపోయి నక్కగా మారి కంచె ఎక్కేస్తుంది. అన్నాళ్లూ మొగుడికి అనుమానమే రాలేదు. పసిగట్టింది కుక్క ఒక్కటే. మిగతా కథల్లో తోక కనబడటమో, నీళ్లలో నీడ నిజం చెప్పడమో నక్క కొంప ముంచుతుంది.

ఎన్ని వేషాలన్నది కాక, ఎన్నాళ్లు నిలిచిందన్నది చూస్తే నా ఓటు నక్కకే. అయితే సాదో దీవిలో మాత్రం ఈ పోటీయే లేదు; అక్కడ నక్కలు లేవు, మాయలన్నీ దన్‌జబురో అనే తనుకి నాయకుడి ఖాతాలోనే.

ఇంకో మాట. తనుకి ఏ వేషమూ వేయకుండానే ఒకసారి కోర్టుకెక్కింది. 1924లో తోచిగిలో ఓ వేటగాడు రెండింటిని పట్టాడు. తనుకి వేట నిషేధమంటే, "ఇవి తనుకిలు కావు, ముజినలు" అన్నాడు. అతని ఊళ్లో ఆ జంతువును పిలిచే పేరు అదే మరి. 1925లో అత్యున్నత న్యాయస్థానం అతన్ని నిర్దోషిగా వదిలేసింది.