తెల్లబడే క్రీములు కొనేముందు ట్యూబు వెనకాల ఒకసారి చదవండి, మా చెల్లి ముఖం పాడైపోయింది

మాది ఆమదాలవలస. చెల్లి పెళ్లికి రెండు నెలలుందనగా శ్రీకాకుళంలో ఒక మందుల షాపులో, ముఖం తెల్లబడాలంటే ఏది మంచిదని అడిగి ఒక ట్యూబు తెచ్చుకున్నాం. డాక్టరు చీటీ అడగలేదు. "ఏటీ అవదమ్మా, రాత్రి రాసుకుని పొద్దున్న కడిగీయండి" అన్నాడంతే. మూడు వారాలకి ముఖం నిజంగానే మెరిసింది, అది చూసి మా పిన్ని కూతురూ కొనుక్కుంది.

పెళ్లి పనుల్లో నాలుగు రోజులు రాయడం మానేసేసరికి ముఖమంతా ఎర్రగా పొంగి మొటిమలు లేచాయి, పొయ్యి దగ్గర నిలబడితే చాలు మంట, చన్నీళ్లతో కడిగినా మంటే. దగ్గరగా చూస్తే బుగ్గల మీద ఎర్రదారాల్లా సన్న నరాలు, చెంపల మీద కొత్తగా నూగు. పెళ్లి ఫోటోల్లో అది ఎక్కడా నవ్వలేదు, నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

స్కిన్ డాక్టరమ్మ ట్యూబు తిప్పి చిన్న అక్షరాలు చూపించారు: మోమెటాసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్. మొదటిది స్టెరాయిడ్, రాస్తూ పోతే చర్మం పల్చబడిపోయి అది లేకపోతే ఉండలేని స్థితికి వస్తుందట. 2018లోనే కేంద్రం చాలా స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని చెప్పింది, మరి కౌంటర్ల మీద సబ్బుల్లా ఎలా అమ్ముతున్నారో!

ఫ్యాన్సీ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ దొరికే, ఎవరు తయారుచేశారో కూడా రాయని డబ్బాలు ఇంకా ప్రమాదం, కొన్నింటిలో పాదరసం ఉంటుంది. కెలోమెల్, మెర్క్యూరీ అని ఉన్నా, బంగారం వెండి తగలనివ్వొద్దని రాసున్నా ముట్టుకోకండి. అది చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లి కిడ్నీలని పాడుచేస్తుంది, తువ్వాళ్ల మీంచి, దిండ్ల మీంచి ఇంట్లో పసిపిల్లలకీ అంటుతుంది. 2023లో కేరళ మలప్పురంలో ఇలాంటి క్రీములు వాడినవాళ్లకి కిడ్నీ జబ్బు వచ్చినట్టు డాక్టర్లు గుర్తించారు. కిడ్నీ జబ్బులతో అల్లాడుతున్న ఉద్దానం మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది, అక్కడి కారణాలు వేరే అయినా, కిడ్నీ పోతే ఇల్లు ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా?

ఇప్పటికే వాడుతున్నవాళ్లు భయపడి స్టెరాయిడ్ క్రీము ఒక్కసారిగా మానేయకండి, మా చెల్లికి మంట మొదలైంది అలాగే, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. పాదరసం డబ్బా అయితే మాత్రం ఆ రోజే ఆపేయండి. ఏదైనా సరే, వెళ్లేటప్పుడు ఆ ట్యూబో డబ్బానో పారేయకుండా పట్టుకెళ్లండి, మాది చూడబట్టే డాక్టరమ్మకి నిమిషంలో సంగతి తెలిసింది.