కుందేళ్ల దాణా చవగ్గా వస్తోందని కలిపేసిన పొడి బస్తా కొనకండి

విశాఖ చుట్టుపక్కల కుందేళ్లు పెంచుతున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగి చదవండి. ఆనందపురం వైపు మాకో చిన్న షెడ్డు ఉంది. కంపెనీ పెల్లెట్ల రేటు తట్టుకోలేక, జులై ముసురులో వాట్సాప్‌లో చూసి ఒకాయన దగ్గర రెండు బస్తాలు తెప్పించాను. కిలో 22 రూపాయలు. 'తవుడు, నూనె తీసేసిన వేరుశనగ చెక్క, కందిపొట్టు అన్నీ మేమే కలిపేశామండి, మీరు వెయ్యడమే' అన్నాడు. సంబరపడ్డాను.

వారం తిరక్కుండానే తల్లులు మేత వదిలేశాయి. గిన్నెలో పెట్టింది పెట్టినట్టే ఉంది. పది రోజుల్లో తొమ్మిది పిల్లలు, రెండు తల్లులు పోయాయి. డాక్టరు గారు ఒకదాన్ని కోసి చూస్తే కాలేయం ఉబ్బి, పాలిపోయిన పసుపు రంగులో ఉంది. బూజు విషం అయ్యుంటుందన్నారు. ఇంటికొచ్చి బస్తా టార్పాలిన్ మీద బోర్లించాను. పైనంతా మెత్తని పొడే, అడుగున మాత్రం చెక్క ఉండలు. ఒకటి విరిచాను. లోపల ఆకుపచ్చ దుమ్ము, తడి గోనె కంపు.

తడి తగిలిన వేరుశనగ చెక్కలో పట్టే బూజు వదిలే విషాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చిపోయింది ఇలాంటి చెక్క తినే. ఎండబెట్టినా, ఉడకబెట్టినా ఈ విషం పోదు. బూజు దులిపేసి వెయ్యడం అంతకంటే దండగ. పైగా కుందేలు దీనికి మహా సున్నితం, వాంతి చేసుకోవడం కూడా దానికి చేతకాదు.

బస్తాలు అమ్మినాయనకి ఫోన్ చేస్తే ఆయన జవాబు: 'అదే చెక్క మా ఆవులు తింటున్నాయండి, వాటికేం కాలేదే!' ఆవుకి పైకేమీ తెలియకపోవచ్చు బాబూ, ఆ విషం పాలల్లోకి దిగుతుంది. ఆ పాలు ఎవరు తాగుతున్నారో మరి.

తవుడు సంగతి ఇంకోటి. గుప్పెడు గ్లాసు నీళ్లలో వేస్తే సగం ఊక పైకి తేలింది. 'కుందేలుకి పీచు కావాలి కదండీ' అని సమర్థించుకున్నాడు. కావాలి, దాణాలో 14 శాతం దాకా ఉండాలి. కానీ అది గడ్డి నుంచి, ఆకు నుంచి రావాలి. ఊకలో సిలికా ఎక్కువ, అంటే ఇసుక లాంటిదే.

చవక మేత వద్దని కాదు, నేనిప్పటికీ చవగ్గానే పెంచుతున్నాను. చిలగడదుంప తీగలు, మునగాకు, అవిశాకు కోసి, ఒక పూట వాడ్చి వేస్తున్నాను. సుబాబుల్ గట్ల మీద ఊరికే దొరుకుతుంది గానీ ఎక్కువైతే బొచ్చు రాలుతుంది. కోళ్ల దాణా అస్సలు కలపొద్దు. అందులో సాలినోమైసిన్ లాంటి మందులుంటే కుందేళ్ల ప్రాణం మీదికొస్తుంది. చెక్క కావాలంటే పొడి కాకుండా పలకలుగా కొని, కొట్టు దగ్గరే ఒకటి విరిచి వాసన చూసి తెచ్చుకోండి. వానాకాలంలో వారానికి సరిపడా చాలు.

డబ్బులు వాపసు ఇమ్మంటే 'ఇంకో బస్తా పంపిస్తాను, డెలివరీ ఫ్రీ' అన్నాడు. మిగిలిన దాణా మా కోళ్లకు కూడా వెయ్యలేదు, షెడ్డు వెనక గొయ్యి తీసి పూడ్చేశాను.