టెర్మినల్లో పాస్, ఎడిటర్లో ఫెయిల్: షిమ్ మేలా, హుక్ మేలా?

టెర్మినల్లో ఆర్‌స్పెక్ (రూబీ భాషలో టెస్టులు నడిపే పరికరం) కొడితే టెస్టులన్నీ పచ్చగా పాసవుతాయి. అదే ఫైలును వీఎస్ కోడ్‌లో తెరిచి, టెస్టు పక్కనున్న ప్లే బటన్ నొక్కితే మాత్రం, ప్రాజెక్టుకు కావాల్సిన రూబీ ప్యాకేజీలను చూసుకునే బండ్లర్ మొరాయిస్తుంది. మీ రూబీ వెర్షన్ 2.6.10, జెమ్‌ఫైల్ (ప్రాజెక్టుకు ఏ రూబీ, ఏ ప్యాకేజీలు కావాలో రాసే ఫైలు) అడిగింది 3.3.0 అంటుంది.

ఆ 2.6.10లోనే సగం జవాబు ఉంది. అది మీరు ఎక్కించుకున్న రూబీ కాదు. మ్యాక్‌ఓఎస్‌తో పాటు యాపిల్ ఇచ్చే పాత రూబీ. అంటే ఏ ప్రాజెక్టుకు ఏ రూబీ వాడాలో చూసే మీ వెర్షన్ మేనేజర్‌కు ఏ రోగమూ లేదు, ఎడిటర్ అసలు దాని గడపే తొక్కలేదు.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసే పని మేనేజర్‌ను మార్చడం. ఆర్‌బెన్వ్ తీసి ఏఎస్‌డీఎఫ్ పెడతారు, అదీ కుదరకపోతే మీజ్‌కు వెళ్తారు. ఒక్కోసారి నిజంగానే బాగవుతుంది, ఎందుకు బాగయిందో మాత్రం తెలియదు. మళ్లీ ఎప్పుడో ఎడిటర్ అప్‌డేట్ అయ్యాక పాత కథే మొదలవుతుంది. పేర్లు పక్కన పెట్టి ఈ మేనేజర్లు పనిచేసే పద్ధతులను పోల్చి చూస్తే ఈ తిరుగుడు తప్పుతుంది. ఆ పద్ధతులు ప్రధానంగా రెండే.

మొదటిది షిమ్. 2011లో వచ్చిన ఆర్‌బెన్వ్, దాన్ని చూసి పైథాన్ కోసం పుట్టిన పైఎన్వ్, ఆ తర్వాతి ఏఎస్‌డీఎఫ్ ఈ కోవవి. ఒక ఫోల్డర్లో రూబీ, బండిల్, ఆర్‌స్పెక్ అన్న పేర్లతో బుల్లి స్క్రిప్టులు ఉంటాయి, పాత్‌లో (కమాండ్ల కోసం వెతకాల్సిన ఫోల్డర్ల వరసలో) ఆ ఫోల్డర్ ముందుంటుంది. ఎవరు రూబీ అని పిలిచినా ముందు ఆ స్క్రిప్టే పలుకుతుంది. గుమ్మం దగ్గర కూర్చున్న గుమాస్తా లాంటిదన్నమాట: వచ్చినవాడు ఏ ఫోల్డర్ నుంచి వచ్చాడో చూసి, అక్కడినుంచి పైపైకి వెతుక్కుంటూ వెర్షన్ ఫైలు పట్టుకుని, దాని ప్రకారం అసలు రూబీ దగ్గరికి పంపిస్తుంది.

రెండోది హుక్. నోడ్ (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) కోసం వాడే ఎన్‌వీఎం, సీహెచ్‌రూబీ, మీజ్‌ను మామూలుగా యాక్టివేట్ చేసే తీరు, అన్నీ ఇదే దారి. ఇవి షెల్ (టెర్మినల్లో మీ కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) లోపలే కూర్చుంటాయి. మీరు ఫోల్డర్ మారినప్పుడో, కమాండ్ కోసం ఎదురుచూసే ప్రాంప్ట్ మళ్లీ వచ్చినప్పుడో పాత్‌నే మార్చేస్తాయి. పాత ఆర్‌వీఎం అయితే ఏకంగా ఫోల్డర్ మార్చే సీడీ కమాండ్‌నే తన చేతిలోకి తీసుకుంది. ఎన్‌వీఎం సంగతి ఇంకా విచిత్రం. ఆ పేరుతో డిస్కు మీద ప్రోగ్రామే ఉండదు, అదొక షెల్ ఫంక్షన్. దాన్ని లోడ్ చేసుకున్న షెల్‌కు తప్ప ఇంకెవరికీ ఎన్‌వీఎం అనేది ఒకటుందనే తెలియదు. నోడ్ వెర్షన్ ఫైలు ఫోల్డర్లో ఉన్నా, మీరు అడగనిదే అది వెర్షన్ మార్చదు కూడా.

టెర్మినల్లో కూర్చుని పనిచేసే మనిషికి హుక్ హాయి. మధ్యలో దళారీ లేదు కాబట్టి వేగం. విచ్ కమాండ్ కొడితే అసలు రూబీ ఎక్కడుందో సూటిగా చూపిస్తుంది, షిమ్ పద్ధతిలో ఆ కమాండ్‌కు గుమాస్తా చిరునామా తప్ప ఏమీ రాదు. ఏఎస్‌డీఎఫ్ 2025లో గో భాషలోకి మారక ముందు, బ్యాష్ షెల్ స్క్రిప్టులుగా ఉన్నప్పుడు, దాని షిమ్ ప్రతి పిలుపుకూ కాస్త తడబడేది. రోజంతా చిన్న చిన్న కమాండ్లు కొట్టేవాళ్లకు అది తెలిసొచ్చేది. ఇంతవరకు చూస్తే హుక్‌దే పైచేయి.

ఎడిటర్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. డాక్ మీద బొమ్మ నొక్కి తెరిచిన ప్రోగ్రామ్‌కు మీ షెల్ ఫైళ్లతో (షెల్ మొదలయ్యేటప్పుడు చదివే సెట్టింగుల ఫైళ్లతో) సంబంధం లేదు. దానికి దక్కేది సిస్టమ్ ఇచ్చే పొట్టి పాత్ మాత్రమే. ఈ సంగతి తెలిసే వీఎస్ కోడ్ ఒక ఉపాయం చేస్తుంది: తెరుచుకునేటప్పుడు తెర వెనక ఒక లాగిన్ షెల్‌ను నడిపి, అందులో తేలిన ఎన్విరాన్‌మెంట్‌ను (పాత్ లాంటి సెట్టింగుల మూటను) తనకు ఎక్కించుకుంటుంది. దీనికి 10 సెకన్ల గడువు. మీ షెల్ ఫైల్లో ఎన్‌వీఎం, రంగురంగుల థీమ్, ఇంకో నాలుగు ప్లగిన్లు కలిసి అంతకంటే ఆలస్యం చేస్తే, షెల్ ఎన్విరాన్‌మెంట్ సకాలంలో తెలుసుకోలేకపోయానని ఒక మూలన చిన్న నోటీసు పడేస్తుంది. దాన్ని మనం చదవకుండానే మూసేస్తాం.

గడువులోపు పని అయినా ఇంకో చిక్కు ఉంది. ఆ షెల్ నడిచేది ఒక్కసారే, అదీ మీ ప్రాజెక్టు ఫోల్డర్లో కాదు. హుక్ అక్కడ నిలబడి చూస్తే దానికి ఏ వెర్షన్ ఫైలూ కనిపించదు, గ్లోబల్‌గా పెట్టుకున్న వెర్షన్నే పాత్‌లో రాసేస్తుంది. ఆ తర్వాత ఎడిటర్లో మీరు ఏ ప్రాజెక్టు తెరిచినా అదే పాత్. ప్రాంప్ట్ ఉంటేనే హుక్ కదులుతుంది, టెస్ట్ రన్నర్‌కు ప్రాంప్ట్ ఎక్కడిది? షిమ్‌కు ఈ బాధ లేదు. ఎన్విరాన్‌మెంట్‌లోకి షిమ్ ఫోల్డర్ పేరు ఎక్కితే చాలు, ఏ వెర్షన్ అన్న నిర్ణయం టెస్టు నడిచే క్షణంలో, టెస్టు నడిచే ఫోల్డర్‌ను బట్టి జరుగుతుంది. పక్కపక్క కిటికీల్లో రూబీ 3.1 ప్రాజెక్టు, 3.3 ప్రాజెక్టు తెరిచినా దేని వెర్షన్ దానికే. ఎడిటర్లో టెస్టులు నడపడమే మీ గొడవైతే, నా ఓటు నిస్సందేహంగా షిమ్‌కే.

అలాగని షిమ్ గంగిగోవేం కాదు. ఏఎస్‌డీఎఫ్‌లో కొత్త జెమ్ (రూబీ ప్యాకేజీ)తో ఒక కమాండ్ వచ్చి చేరితే, దానికి షిమ్ తయారవలేదంటే మనమే రీషిమ్ కమాండ్ కొట్టాలి. మోనోరెపోల్లో (చాలా ప్రాజెక్టులు ఒకే చోట ఉండే రెపోల్లో) ఇంకో తంటా: ఎడిటర్ టెస్టును పై ఫోల్డర్ నుంచి నడుపుతుంది, వెర్షన్ ఫైలేమో లోపలి బ్యాకెండ్ ఫోల్డర్లో ఉంటుంది. షిమ్ పైకి మాత్రమే వెతుకుతుంది, కిందికి దిగదు. కాబట్టి తప్పు వెర్షనే తగులుతుంది. అప్పుడు వెర్షన్ ఫైలును పైకి తేవాలి, లేదంటే ప్లగిన్ సెట్టింగుల్లో వర్కింగ్ డైరెక్టరీ మార్చాలి.

మ్యాక్ వాళ్లను సతాయించేది మరొకటుంది, పాత్‌హెల్పర్. మ్యాక్‌లోని జెడ్‌షెల్ లాగిన్ షెల్‌గా తెరుచుకున్నప్పుడు ముందు మీ జెడ్‌ఎస్‌హెచ్ఎన్వ్ ఫైలు చదువుతుంది. ఆ తర్వాత సిస్టమ్ వారి జెడ్‌ప్రొఫైల్ నడుస్తుంది, అందులో ఉండేదే ఈ పాత్‌హెల్పర్. అది సిస్టమ్ ఫోల్డర్లను పాత్‌లో ముందుకు లాగి, మీరు చేర్చినవాటిని వెనక్కి నెడుతుంది. షిమ్ ఫోల్డర్‌ను జెడ్‌ఎస్‌హెచ్ఎన్వ్‌లో పెట్టిన పాపానికి అది పాత్‌లో ఉండి కూడా ఓడిపోతుంది, మళ్లీ 2.6.10 ప్రత్యక్షమవుతుంది. అదే వరసను మీ సొంత జెడ్‌ప్రొఫైల్‌లోకి మార్చండి. పాత్‌హెల్పర్ పని ముగిశాకే అది చదవబడుతుంది కాబట్టి షిమ్ ముందుంటుంది.

ఈ రెండూ వద్దు, టెర్మినల్లో ప్రాజెక్టు ఫోల్డర్‌కు వెళ్లి అక్కడినుంచే ఎడిటర్‌ను తెరుస్తానంటారు కొందరు. పని చేస్తుంది, షెల్ ఎన్విరాన్‌మెంట్ నేరుగా సంక్రమిస్తుంది. కానీ పొద్దున్నే అలవాటుగా డాక్ మీద నొక్కిన రోజున మళ్లీ మొదటికే వస్తుంది. మందుగా దీనికి నేను మార్కులు వేయను, రోగనిర్ధారణకు మాత్రం ఇంతకు మించినది లేదు. ఎడిటర్‌ను పూర్తిగా మూసి, టెర్మినల్ నుంచి తెరిచి, టెస్టు నడపండి. పాసయితే తప్పు ఎన్విరాన్‌మెంట్‌ది. అప్పటికీ ఫెయిలయితే ప్లగిన్ సెట్టింగుల్లో ఎవరో ఏదో రాసి పెట్టారు.

ఎడిటర్లోని టెర్మినల్లో బాగానే వస్తోంది కదా అని మాత్రం వాదించకండి. ఆ టెర్మినల్ తన సొంత షెల్‌ను తెరుచుకుని మీ షెల్ ఫైళ్లన్నీ చదువుకుంటుంది, హుక్‌కు ప్రాంప్ట్ కూడా దొరుకుతుంది. టెస్ట్ రన్నర్‌కు అవేవీ ఉండవు కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదు. నమ్మదగ్గ సాక్ష్యం కావాలంటే ఒక టెస్టులోనే రాసి అడగండి: పైథాన్‌లో సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్, నోడ్‌లో ప్రాసెస్ డాట్ ఎక్జెక్‌పాత్, రూబీలో ఆర్‌బీకాన్ఫిగ్ డాట్ రూబీ. దాంతో పాటు అప్పుడు నడుస్తున్న ఫోల్డర్ పేరు కూడా ప్రింట్ చేయించండి. ఈ రెండు వరసలు చెప్పే నిజం ముందు గంటసేపు గూగుల్ చేసినా వచ్చేది ఏమీ లేదు.

ప్లగిన్ సెట్టింగుల్లో పూర్తి చిరునామా రాసేయడం ఇంకో దారి. మీ హోమ్ ఫోల్డర్, అందులో ఆర్‌బెన్వ్, వెర్షన్స్, 3.3.0, బిన్, రూబీ అని గొలుసంతా రాస్తే తిరుగులేదు. 3.3.1కు మారే దాకా. దాన్ని పొరపాటున గిట్‌లోకి ఎక్కిస్తే పక్క సీటు వాళ్లకు మీ యూజర్ పేరుతో ఉన్న ఫోల్డర్ దొరక్క టెస్టులు ఆగిపోతాయి. దీనికంటే టెస్టు కమాండ్‌కు ముందు మీజ్ ఎక్జెక్ అనో, ఆర్‌బెన్వ్ ఎక్జెక్ అనో చేర్చడం ఎన్నో రెట్లు నయం. వెర్షన్ అంకె ఎక్కడా రాయనక్కర్లేదు, టీమంతా ఒకే మేనేజర్ వాడుతుంటే గిట్‌లో పెట్టినా ఇబ్బంది లేదు. మేనేజర్ ప్రోగ్రామ్ ఒక్కటి ఎడిటర్‌కు కనబడితే సరిపోతుంది. ఎన్‌వీఎంతో మాత్రం ఇది నేరుగా కుదరదు, కారణం పైన చెప్పిందే, పిలవడానికి అక్కడ ప్రోగ్రామ్ లేదు.

భాషను బట్టి కూడా తీర్పు మారుతుంది. పైథాన్ వాళ్లు ఈ చర్చంతా వదిలేయొచ్చు. వీఎస్ కోడ్ పైథాన్ ఎక్స్‌టెన్షన్ మీరు ఎంచుకున్న ఇంటర్‌ప్రెటర్‌తోనే పైటెస్ట్ నడుపుతుంది, పాత్ జోలికి పోదు. ప్రాజెక్టు ఫోల్డర్లో వెన్వ్ (ఆ ప్రాజెక్టుకే పరిమితమైన పైథాన్) చేసి దాన్ని ఎంచుకుంటే కథ ముగిసినట్టే, పైఎన్వ్ పని వెన్వ్ తయారీ దాకానే. రూబీకి షాపిఫై వాళ్ల రూబీ ఎల్‌ఎస్‌పీ ఎక్స్‌టెన్షన్ ఉంది. ఏ వెర్షన్ మేనేజర్ వాడుతున్నారో దాని సెట్టింగుల్లోనే చెప్పొచ్చు. ఆటో అని వదిలేస్తే తనే కనిపెట్టే ప్రయత్నం చేస్తుంది, ఒకే మెషీన్లో రెండు మూడు మేనేజర్లు పోగేసుకున్నవాళ్లు మాత్రం పేరు స్పష్టంగా రాయడం మంచిది.

నోడ్‌లో వెర్షన్ తప్పితే అది తప్పని వెంటనే తెలియదు, అదే దాంతో ప్రమాదం. జావాస్క్రిప్ట్ టెస్టులు చాలావరకు 18లోనూ నడుస్తాయి, 20లోనూ నడుస్తాయి. ఏదో ఒక రోజు సీ++తో కట్టిన ప్యాకేజీ ఒకటి వచ్చి చేరాక నోడ్ మాడ్యూల్ వెర్షన్ 108తో కంపైల్ చేశారు, ఇక్కడ 115 కావాలి అన్న ఎర్రర్ పడుతుంది. 108 అంటే నోడ్ 18, 115 అంటే నోడ్ 20. టెర్మినల్లో 18తో, ప్యాకేజీలు ఎక్కించే ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ కొట్టి ఎడిటర్లో 20తో టెస్టు నడిపారన్నమాట. నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమనే సలహా ప్రతిచోటా దొరుకుతుంది. రెండు చోట్లా వెర్షన్ ఒకటి కానంత వరకు ఆ సలహాతో ఎర్రర్ ఇటు నుంచి అటు మారుతుందే తప్ప పోదు. ఎన్‌వీఎం వదలలేనివాళ్లకు చిన్న ఊరట ఉంది: వీఎస్ కోడ్ లాంచ్ ఫైల్లో రన్‌టైమ్ వెర్షన్ అని రాస్తే, డీబగ్ చేసేటప్పుడు ఎన్‌వీఎం నుంచి ఆ వెర్షన్ తీసుకుంటుంది.

విండోస్‌లో నేను షిమ్‌కు అంత ధీమాగా ఓటేయను. అక్కడ పైఎన్వ్ తరహా షిమ్‌లు బ్యాట్ ఫైళ్లు. 2024 ఏప్రిల్లో వచ్చిన భద్రతా సవరణ తర్వాత, షెల్ లేకుండా బ్యాట్ ఫైళ్లను నేరుగా నడపడానికి నోడ్ ఒప్పుకోదు. ఎక్స్‌టెన్షన్లు నడిచేది నోడ్ మీదే కాబట్టి, ప్లగిన్ రాసినవాళ్లు ఆ సంగతి చూసుకోకపోతే టెస్టు మొదలు కాకుండానే చస్తుంది. వీలైతే డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపల నడిచే లినక్స్)లోకి మారి, టెస్ట్ ఎక్స్‌టెన్షన్‌ను కూడా ఆ వైపే ఇన్‌స్టాల్ చేసుకోండి. డెవ్ కంటైనర్ (డాకర్‌లో నడిచే, ముందే సిద్ధం చేసిన డబ్బా) అయితే ఈ తగువే ఉండదు, ఇమేజ్‌లో ఉన్నదే వెర్షన్. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో డాకర్ తిండి భరించగలిగితే.

టెర్మినల్లో హుక్ సుఖం, ఎడిటర్లో షిమ్ భద్రత రెండూ కావాలంటే మీజ్‌లో కుదురుతుంది, దానికి రెండు రూపాలూ ఉన్నాయి. వీఎస్ కోడ్ తెర వెనక షెల్ నడిపేటప్పుడు వీఎస్‌కోడ్ రిజాల్వింగ్ ఎన్విరాన్‌మెంట్ అనే వేరియబుల్‌కు 1 పెడుతుంది, మాటల మధ్య అండర్‌స్కోర్లతో. మీ జెడ్‌ఎస్‌హెచ్ఆర్‌సీ (జెడ్‌షెల్ సెట్టింగుల ఫైలు)లో ఒక ఇఫ్ రాయండి: ఆ వేరియబుల్ ఉంటే మీజ్‌ను షిమ్స్ ఆప్షన్‌తో యాక్టివేట్ చేయమని, లేకపోతే మామూలుగా చేయమని. థీములు, బరువైన ప్లగిన్లు కూడా ఆ ఎల్స్ భాగంలోకి నెట్టేస్తే 10 సెకన్ల గడువు బెడదా తీరుతుంది. ఇవన్నీ మార్చాక రీలోడ్ విండో కొట్టి ఏమీ మారలేదని తిట్టుకోకండి. ఎన్విరాన్‌మెంట్ చదివేది ఎడిటర్ మొదట తెరుచుకున్నప్పుడే, కాబట్టి కమాండ్ క్యూ కొట్టి పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి.