నాలుగు చలికాలాలు చూసిన మా సెడార్ డెక్: ఉన్నది ఉన్నట్టు

డెక్, అంటే ఇంటికి ఆనుకుని బయట చెక్క పలకలతో వేసే అరుగు, కట్టించిన వారంలోనే రివ్యూ రాద్దామనిపించింది కానీ ఆగిపోయా, ఎందుకంటే కొత్తలో ఏ చెక్కయినా బాగానే ఉంటుంది, రంగు తేనెలా మెరుస్తుంది, వాసనకి ఇంట్లోవాళ్ళంతా బయటికొచ్చి కూర్చుంటారు. అసలు సంగతి తెలిసేది తడిలో నానాకే. ఇప్పటికి నాలుగు చలికాలాలు అయ్యాయి. మాది ఏడాదిలో సగం రోజులు ఏదో ఒక తడి ఉండే చోటు, పగలు మంచు కరగడం రాత్రికి మళ్ళీ గడ్డకట్టడం, పైగా డెక్ ఉత్తరం వైపు కాబట్టి ఎండ తక్కువ. ఇలాంటి చోట సెడార్ వేయించుకోవాలా అని అడిగేవాళ్ళ కోసం ఇది. ముందే చెప్పేస్తున్నా, చెక్కకి అయిదుకి నాలుగున్నర ఇస్తా, కట్టిన పనితనానికి మూడే ఇస్తా, ఆ తేడా ఎందుకో చెప్పాలనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

సెడార్ అనగానే మనవాళ్ళు చాలామంది దేవదారు అనుకుంటారు. డెక్‌లకి వాడే వెస్టర్న్ రెడ్ సెడార్ దేవదారు కాదు, దేవదారు హిమాలయాల్లో పెరిగే అసలు సెడార్ జాతి, ఇదేమో ఉత్తర అమెరికా పడమటి తీరంలో, బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, ఒరెగాన్ వైపు పెరిగే సైప్రస్ కుటుంబం చెట్టు, శాస్త్రీయ నామం థూజా ప్లికాటా. అది పుట్టి పెరిగిందే వానల్లో. దాని చేవలో, అంటే చెట్టు లోపలి ముదురు చెక్కలో, థూజాప్లిసిన్లు అని సహజంగానే బూజుని, పుచ్చుని ఆపే పదార్థాలు ఉంటాయి, సెడార్ తడిలో తట్టుకుంటుంది అనే మాటకి మూలం ఇదే. ఇక్కడ ఒక్క పదం గట్టిగా పట్టుకోండి, చేవ. చెట్టు బయటి వైపు ఉండే లేత తెల్ల చెక్కకి ఈ గుణం లేదు, అది మామూలు మెత్తటి కలపలాగే పుచ్చిపోతుంది. సెడార్ అనే పేరు చూసి కొన్నంత మాత్రాన సరిపోదు, ఎంత చేవ ఉందో చూసి కొనాలి.

మా నాన్నగారు వచ్చినప్పుడు పలక మీద బొటనవేలి గోరు పెట్టి నొక్కి, "గోరు దిగుతోంది, ఇది చేవ ఏంట్రా?" అన్నారు. ఆయన జీవితమంతా టేకు చూసిన మనిషి. ఆయన అన్నదీ నిజమే, ఇది మెత్తటి చెక్క, చెక్కలోకి ఉక్కు గుండు దిగడానికి ఎంత బలం కావాలో చూసే జాంకా గట్టిదనం పరీక్షలో దీనికి 350 పౌండ్ల దగ్గర వస్తే టేకుకి వెయ్యి దాకా వస్తుంది, బరువు కూడా ఘనపు మీటరుకి 370 కిలోలే. కుర్చీ లాగితే గీత పడుతుంది, హై హీల్స్‌తో నడిస్తే గుంట పడుతుంది. ఇది మీకు చిరాకు అనిపిస్తే సెడార్ జోలికి వెళ్ళొద్దు. కానీ తడి చోట గట్టిదనం కంటే కదలిక ముఖ్యం, అంటే తేమ ఎక్కినప్పుడు ఎంత ఉబ్బుతుంది, ఆరినప్పుడు ఎంత ముడుచుకుంటుంది అనేది. మా పలకల వెడల్పు 140 మి.మీ., తేమ 8 శాతం మారినా ఒక్కో పలక 3 మి.మీ. కంటే తక్కువే కదులుతుంది. నాలుగేళ్ళలో పలకలు వంకరపోవడం, దోనెలాగా వంగడం దాదాపు లేదు, రెండు మాత్రం చివర్లలో కొంచెం లేచాయి, అవి కూడా ముడి పక్కన ఉన్నవి.

ఇక తెల్ల చెక్క కథ. మేం తీసుకున్నది ముడులున్న గ్రేడు, ముడి లేని క్లియర్ గ్రేడు మా బడ్జెట్‌కి అందలేదు, ముడుల వల్ల నాకేం ఇబ్బంది లేదు, చూడ్డానికి బాగుంటాయి కూడా. లోడు దిగాక నేను ఒక్కో పలకా తిప్పి చూసి అంచున తెల్లగా ఉన్నవి ఒక ఆరేడు పక్కన పెట్టా, ఇవి వద్దు అని. కట్టేవాళ్ళు "అదేం కాదండీ, ఆయిల్ కొట్టాక తెలీదు" అని మూడింటిని కలిపేశారు, నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి బిగించేశారు. ఆ మూడింట్లో ఒకటి మూల మీదకి వచ్చింది, దాని మీద మా ఆవిడ పెద్ద పూలకుండీ పెట్టింది, కుండీ కింద నీళ్ళు ఎప్పుడూ ఆరవు కదా. మూడో ఏడాది వసంతంలో కుండీ జరిపితే కింద నల్లగా ఉంది, చాకు మొన పెడితే అర అంగుళం దిగిపోయింది. దాని పక్క పలక అచ్చంగా చేవ, అదే కుండీ కింద సగం దానిమీదే ఉంది, రంగు మారింది తప్ప చాకు దిగలేదు. ఒకే తడి, ఒకే కుండీ, రెండు పలకలు. ఇంతకంటే మంచి పరీక్ష నాకెక్కడా దొరకదు. కుండీలకి ఇప్పుడు కాళ్ళున్న స్టాండ్లు పెట్టాం.

తేమ కొలిచే మీటరు ఒకటి కొనుక్కోండి, రెండు సూదులుండే చిన్నది చాలు. చెక్కలో తేమ 20 శాతం దాటి చాలాకాలం అలాగే ఉంటే పుచ్చు పట్టడానికి దారి దొరుకుతుంది, దాని లోపు ఉంటే పుచ్చు పట్టించే ఫంగస్ పెరగదు. మా పలకలు వచ్చినప్పుడు 15 ఉన్నాయి. చలికాలం చివర్లో మధ్యలో 19, 20 అలా చూపిస్తుంది, రెండు పొడి వారాలొస్తే మళ్ళీ దిగిపోతుంది. దిగకుండా ఉండిపోయిన చోట్లన్నీ రాసుకున్నా, పలకల చివర్లు, మెట్ల దగ్గర, ఇంటి గోడకి ఆనుకున్న వరస. మూడు చోట్లా తప్పు చెక్కది కాదు, నీళ్ళు నిలబడేలా కట్టడం.

పలక చివర కోసిన మొహం ఉంటుంది చూశారా, అక్కడ చెక్క గొట్టాల కట్టలాగా తెరుచుకుని ఉంటుంది, పై మొహం కంటే ఎన్నో రెట్లు వేగంగా నీళ్ళు తాగుతుంది. కోసిన ప్రతి చివరకీ అప్పటికప్పుడే సీలర్, అంటే నీళ్ళు దిగకుండా ఆపే పూత, పూయాలి, ఒక చిన్న డబ్బా, ఒక బ్రష్, పలకకి పది సెకన్ల పని. మా డెక్ కట్టినవాళ్ళు పూయలేదు. నేను అడిగితే తర్వాత పైనుంచి ఆయిల్ కొట్టినప్పుడు అయిపోతుందన్నారు, కానీ రెండు పలకలు ఎదురెదురుగా ఆనించి బిగించేశాక ఆ సందులోకి బ్రష్ ఎలా వెళ్తుంది? ఇప్పుడు చిన్న చిన్న పగుళ్ళు వచ్చింది ఆ అతుకుల దగ్గరే.

పలకల మధ్య సందు గురించి కూడా చెప్పాలి. కిల్న్‌లో, అంటే వేడి గదిలో, ఆరబెట్టిన పలకలు తడి చోటికి వచ్చాక కొంచెం ఉబ్బుతాయి కాబట్టి సందు ఎక్కువే వదలాలి, మేం 5 మి.మీ. పెట్టించాం, అది వాళ్ళు చక్కగా చేశారు, ఒక్క వరస కూడా తేడా లేదు. పచ్చి పలకలైతే లెక్క తిరగబడుతుంది, అవి ఆరి ముడుచుకుంటాయి కాబట్టి దగ్గరగా పెట్టాలి. సందులో ఆకులు, పైన్ చెట్ల సూదులు ఇరుక్కుంటే స్పాంజిలా నీళ్ళు పట్టుకుంటాయి, నేను ఏడాదికి రెండుసార్లు పాత పుట్టీ కత్తితో గీరేస్తా. చెప్పడానికి చిన్న పనే గానీ నడుం నొప్పి వస్తుంది.

స్క్రూల విషయంలో దయచేసి పిసినారితనం చేయొద్దు. సెడార్‌లో ఉండే పదార్థాలకి ఇనుము తగిలితే నీలం కలిసిన నలుపు మరక వస్తుంది, పైగా స్క్రూని కూడా తినేస్తుంది. మేం స్టెయిన్‌లెస్ స్క్రూలే రాయించుకున్నాం, సముద్రం దగ్గరైతే 316 గ్రేడ్, లేకపోతే 304 చాలు. పైన పరిచినదంతా స్టెయిన్‌లెస్సే, మెట్ల దగ్గరికొచ్చేసరికి డబ్బా అయిపోయిందంట, ట్రక్కులో ఉన్న మామూలు జింకు పూత స్క్రూలు వేసేశారు. ఆ చలికాలం అవ్వకముందే మెట్ల మీద ప్రతి స్క్రూ కింద కాటుక కారినట్టు చారలు. ఆక్సాలిక్ యాసిడ్ నీళ్ళల్లో కలిపి రుద్దితే చారలు పోయాయి, స్క్రూలు మార్చకపోతే మళ్ళీ వస్తాయి కాబట్టి ఒక శనివారమంతా కూర్చుని ఒక్కొక్కటీ మార్చా. ఇంకోటి, స్క్రూ తల చెక్క మట్టానికి ఆగాలి, ఇంపాక్ట్ డ్రైవర్‌తో ఒత్తేస్తే మెత్తటి చెక్క కాబట్టి లోపలికి దిగిపోయి గిన్నెలా గుంట పడుతుంది, అందులో నీళ్ళు నిలిచి గడ్డకట్టి పగులు తీస్తాయి. చివర్ల దగ్గర ముందు డ్రిల్లుతో కన్నం పెట్టాకే బిగించాలి, లేదంటే చీలుతుంది.

అన్నిటికంటే నాకు భయం వేసింది లెడ్జర్ దగ్గర. డెక్‌ని ఇంటి గోడకి పట్టి ఉంచే దుంగ అది, డెక్‌లు కూలిపోయాయని వినే చోట్ల ఎక్కువగా వదులయ్యేది అదే. మేకులతో కొట్టకూడదు, బోల్టులో, లాగ్ స్క్రూలనే లావుపాటి స్క్రూలో ఉండాలి, అవి సరిగ్గానే వేశారు. కానీ గోడకీ లెడ్జర్‌కీ మధ్య నీళ్ళు పోకుండా పైన రేకు, అదే ఫ్లాషింగ్, వేయకుండానే పలకలు పరచడం మొదలెట్టారు. నేను ఆపించి అడిగితే మర్నాడు అల్యూమినియం రేకు తెచ్చారు. కింద ఫ్రేము, లెడ్జర్ మాకు ప్రెషర్ ట్రీటెడ్ కలప, అంటే పుచ్చకుండా ఒత్తిడితో మందు ఎక్కించిన కలప, అందరూ అలాగే చేస్తారు, సెడార్ పైకే. అమెరికాలో ఇళ్ళకి వాడే కలపలో ఆర్సెనిక్ ఉన్న పాత మందుని 2003 చివరికి ఆపేశాక ఇప్పుడు వస్తున్న మందుల్లో చాలావాటిలో రాగి ఎక్కువ, రాగి, తడి, అల్యూమినియం మూడూ కలిస్తే రేకు చిల్లులు పడుతుంది. ఈ మాట చెప్తే రేకు తెచ్చిన కుర్రాడు నిజంగానే తెలీదన్నాడు, పాపం అబద్ధం చెప్పలేదు, వాళ్ళ మేస్త్రీకి ఫోన్ చేసి గాల్వనైజ్డ్ రేకు తెప్పించాడు. పలకల్ని కింద నుంచి మోసే దూలాలు, అదే జాయిస్టుల పైన, నీళ్ళు దిగని బ్యూటైల్ టేపు కూడా అంటించమన్నాం, స్క్రూ కన్నంలోంచి దిగే నీళ్ళు జాయిస్టులోకి పోకుండా. మీరు ఎవరితో కట్టించుకున్నా పలకలు పరవకముందు లెడ్జర్ ఫోటో తీసి పెట్టుకోండి, పరిచాక ఇంకెప్పుడూ కనపడదు.

పునాదుల్లో మాత్రం వాళ్ళకి నూటికి నూరు. నేల ఎంత లోతు దాకా గడ్డకడుతుందో ఆ లోతు కిందకి తవ్వి కాంక్రీటు పోశారు, అందుకే నాలుగేళ్ళలో స్తంభాలు వెంట్రుకంత కదల్లేదు. పైపైన పోస్తే కింద మట్టిలో నీళ్ళు మంచు పొరలుగా పేరుకుని పైకి ఎత్తేస్తాయి. మెట్ల కింద పలుచటి కాంక్రీటు పలక ఒకటి పోశారు, అది ఒక్కటీ చలికాలంలో అర అంగుళం లేచి వసంతంలో దిగుతుంది. మెట్లని డెక్‌కి వదులుగా తగిలించారు కాబట్టి సరిపోయింది.

ఆయిల్ ఎప్పుడు కొట్టాలి అనే దాంట్లో నేను మోసపోయా. చెక్క ఏడాది పాటు ఎండకీ వానకీ ఆరాలి, ఆ తర్వాతే ఆయిల్ అన్నారు, నమ్మా. ఏడాది తిరిగేసరికి పైన అంతా బూడిద రంగు, నీడ వైపు నల్లటి బూజు చుక్కలు, పాచి పట్టి కాలు జారేంత. పొడిగా వచ్చిన సెడార్‌కి ఏడాది ఆగక్కర్లేదు, ఎండ కొన్ని వారాల్లోనే పై పొర నారని బలహీనం చేసేస్తుంది, ఆ పొర మీద ఆయిల్ సరిగ్గా పట్టదు. పలక మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లండి, లోపలికి పీల్చుకుంటే రెడీ, ముత్యాల్లా నిలబడితే 60 లేదా 80 నంబరు శాండ్‌పేపర్ లైట్‌గా వేసి మళ్ళీ చూడండి. వార్నిష్‌లాగా పైన పొర కట్టేవి వద్దే వద్దు, తడి చోట కింద నుంచి తేమ తోసి పెచ్చులు లేస్తాయి, చెక్కలోకి ఇంకే ఆయిల్ స్టెయిన్, కొంచెం రంగు ఉన్నదే మంచిది, ఎండని ఆపేది ఆ రంగే. 10 డిగ్రీల పైన ఉండి, రెండు రోజులు వాన లేని సమయం చూసుకోవాలి, మా దగ్గర అలాంటి రోజుల కోసం కాచుక్కూర్చోవడమే పెద్ద పని.

కడగడానికి ప్రెషర్ వాషర్ తీసుకురావద్దు. పక్కింటాయన వాళ్ళ సెడార్ మీద కొడితే మెత్తటి నార లేచిపోయి కొబ్బరిపీచులా అయింది. సోడియం పెర్‌కార్బొనేట్ పొడి గోరువెచ్చటి నీళ్ళల్లో కలిపి మెత్తటి బ్రష్, తర్వాత మామూలు పైపు నీళ్ళు, అంతే. మంచుకి ప్లాస్టిక్ పార, పలకల పొడుగు వెంబడే తోయాలి, ఉప్పు చల్లం. ఇంకో ముఖ్యమైన మాట, మీరే కోసుకునేవాళ్ళయితే మాస్క్ లేకుండా కోయొద్దు, ఈ రంపపు పొట్టులో ఉండే ప్లికాటిక్ యాసిడ్ వల్ల కొంతమందికి ఆస్తమా వస్తుంది, సా మిల్లుల్లో పనిచేసేవాళ్ళలో ఇది తెలిసిన జబ్బే. వాసన బాగుంది కదా అని పొట్టులో పిల్లల్ని ఆడుకోనివ్వొద్దు.

కాంపోజిట్, అంటే చెక్క పొడి, ప్లాస్టిక్ కలిపి చేసే పలకలు, వేయించుకోవాల్సిందా అని మావాళ్ళు అడుగుతూ ఉంటారు. ఆయిల్ పని అస్సలు వద్దు అనుకునేవాళ్ళకి అదే మంచిది, నిజాయితీగా చెప్తున్నా. నాకు మాత్రం పొద్దున్నే చెప్పుల్లేకుండా బయటికెళ్తే కాలికి తగిలే చెక్క, వాన పడ్డాక లేచే ఆ వాసన కావాలి, రెండేళ్ళకోసారి ఒక వారాంతం దానికి ఇస్తా. మళ్ళీ కట్టించినా సెడారే వేయిస్తా, కాకపోతే పలకలు నేనే ఏరుతా, చివర్లకి సీలర్ నేనే పూస్తా.

మూల మీద పుచ్చిన పలకకి బదులు కొత్తది తెచ్చిపెట్టా, అచ్చంగా ఎర్రటి చేవ, తెల్ల అంచు ఎక్కడా లేదు. రెండు చివర్లకీ సీలర్ పూసి గ్యారేజీలో నిలబెట్టా, మీటరు 16 చూపిస్తోంది, రెండు పొడి రోజులు దొరకగానే బిగించేస్తా.