లంక తపాలా సంచికి బరకపు తొడుగు: ఒక వానాకాలం వాడి చూశాక

అమలాపురంలో లారీల బరకాలు కుట్టే ఒక దుకాణంలో తపాలా సంచికి పై తొడుగు చేయించుకుని, గోదావరికి ఎర్రనీరు తగిలిన నాటి నుండి ఏరు మళ్లీ తేటపడేదాకా, వానాకాలం పొడవునా రోజూ వాడాను. చేతికి వచ్చినప్పుడు దాని ఖరీదు 1,150 రూపాయలు, తరువాత చేయించిన మార్పులకు మరో 200 అయింది. ఈ డబ్బు నా జేబులోనిదే. నీరు దిగకూడదు అన్న ఒక్క కోరికతో దుకాణం మెట్లెక్కాను గానీ, నీటిని ఆపే మూతి చేత దొంగచేతిని కూడా ఆపించడం ఎంత చిక్కో ఆ నాలుగు నెలల్లో తెలిసివచ్చింది. అందుచేత ఈ సమీక్షలో సంచి ఒంటి గురించి కంటే మూతి గురించే ఎక్కువ రాస్తున్నాను.

నేను వశిష్ఠ పాయకు అవతల ఉన్న ఒక లంకలో బ్రాంచి పోస్టాఫీసు నడుపుతాను. వేసవిలో ఏటి ఇసుక మీద వేసిన బాట వెంట మోటారు సైకిలు మీద సంచి వస్తుంది. తొలి వరదకే ఆ బాట కొట్టుకుపోతుంది, అక్కడి నుండి కార్తీకం దాకా ఇంజను పడవే దిక్కు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, 10 లక్షల క్యూసెక్కులు దిగువకు వదులుతూ మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చే సరికి మా రేవులో ఒక్క మెట్టు కూడా పైకి కనబడదు. 2022 జూలైలో 25 లక్షలు దాటిన వరదప్పుడు పడవే కదలలేదు కాబట్టి సంచి తడిసే ప్రశ్న రాలేదు. సంచిని పాడుచేసేది పడవ నడవగలిగినంత వరద, దాని మీద విడవకుండా పట్టే ముసురు.

శాఖవారు ఇచ్చే కాన్వాస్ సంచిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నూలు కాన్వాస్ తడిస్తే పోగులు ఉబ్బి నేత బిగుసుకుంటుంది, కనుక చిన్నపాటి జల్లును అది బాగానే ఓర్చుకుంటుంది. దాని బలహీనత అంతా మూతిలో ఉంది. మూతిని కుచ్చెళ్లుగా పిడికిట పోగుచేసి, పురికొసతో బిగించి, లేబులు కట్టి, ముడి మీద సీలు వేస్తాము. ఆ కుచ్చెళ్లలో ప్రతి ఒక్కటీ నీటికి ఒక పిల్లకాలువ. పురికొస మరీ అన్యాయం, దీపపు వత్తి నూనెను లాగినట్టు తడిని లాగి ముడి లోపలికి చేరవేస్తుంది. లక్క తడి పురికొసకు సరిగా అంటదు, అంటినా సంచిని పడవలోకి విసిరిన ఊపుకు పగిలి, ఎవరూ ముట్టని సంచిని కూడా ముట్టినట్టు చూపిస్తుంది. పళ్లుండి ఒకవైపే లాగబడే ప్లాస్టిక్ నంబరు సీలుతో ఆ బెడద తీరినా, కుచ్చెళ్లు మాత్రం కుచ్చెళ్లుగానే ఉన్నాయి. కిందటేడు శ్రావణంలో ఒకరి ఏటీఎం కార్డు కవరు, మరొకరి బీమా నోటీసు, ఒక అమ్మాయి ఉద్యోగ పరీక్షకు వచ్చిన పిలుపు ఉత్తరం ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా దిగాయి. ఫ్యాను కింద ఆరబెట్టి, బ్లేడు అంచుతో విడదీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టినప్పుడు, పరీక్ష తేదీ ఉన్న వరుసే అలికినట్టు ఉంది.

శాఖ సంచిని మార్చే అధికారం నాకు లేదు, మార్చనూ లేదు. అది తన పురికొసతో, తన లేబులుతో, తన సీలుతో నిబంధన ప్రకారమే తొడుగు లోపల ఉంటుంది. లోపల సీలు ఉండగా పైన మరొకటి ఎందుకని మా మెయిల్ క్యారియరే అడిగాడు. ఇంతకుముందు సంచి చేతులు మారిన ప్రతిచోటా, అవతలి రేవు పాకలో గానీ పడవ దగ్గర గానీ, సీలు ఎదురుగా కనబడేది. తొడుగు వేశాక అది కనబడదు, ఆ వానలో దాన్ని చూడడానికి తొడుగు విప్పితే తొడుగు వేసిన ప్రయోజనమే పోతుంది. కనుక తనను ఎవరైనా తెరిచారా లేదా అన్నది పై మూతే చెప్పగలగాలి.

దుకాణదారు మొదట జిప్పు వేద్దామన్నాడు. “ఆయ్, కారు కవర్లకు వేసే జిప్పేనండి మాస్టారూ, పైన రెక్క కుట్టానంటే చుక్క దిగదండి” అని భరోసా కూడా ఇచ్చాడు. పైన పూత ఉన్న జిప్పు చినుకులను ఆపుతుంది, నిలిచిన నీటిని ఆపదు. నీటిలో మునిగేవారి దుస్తులకు వేసే, గాలి కూడా చొరబడని జిప్పులు వేరే ఉన్నాయి గానీ వాటి ధరతో తొడుగులు నాలుగైదు కుట్టించవచ్చు. పైగా మా ఏటి ఒండ్రు ఏ జిప్పునూ బతకనివ్వదు. పది రోజులకే పళ్ల మధ్య మెత్తటి మట్టి చేరి, లాగితే సగంలో నిలిచిపోసాగింది. అంతకంటే పెద్ద లోపం దుకాణం బల్ల మీదే బయటపడింది. జిప్పు రెండు లాగుళ్లనూ కలిపి సీలు వేయించి, ఆయన జేబులోని బాల్‌పెన్నునే తీసుకుని పళ్ల నడుమ గుచ్చాను. జిప్పు నోరు తెరిచింది. చేయి పెట్టి లోపలి కాగితం ఒకటి తీసి, సీలు వేసి ఉన్న లాగుళ్లను అలాగే ఆ చివరి నుండి ఈ చివరికి జరిపితే తెరిచిన నోరు తిరిగి మూసుకుంది, సీలు చెక్కుచెదరలేదు. ఆయన కాసేపు పెన్ను వంక చూసి, ఆ తొడుగును వెనక్కి తీసుకుని, పైసా అడగకుండా రెండోది మొదలుపెట్టాడు. ఈ దుకాణం మీద నాకు గౌరవం కుదిరింది అక్కడే.

రెండో తొడుగు మూతిని చాప చుట్టినట్టు చుట్టే రకం. మూతి అంచుకు ఒక గట్టి పట్టీ ఉంటుంది. రెండు అంచులనూ కలిపి, ఆ పట్టీతో సహా మూడు చుట్లు కిందికి చుట్టి, కొసలను ప్రక్కలకు దింపి బకిళ్లతో బిగించాలి. ఇక నీరు లోపలికి రావాలంటే బరకం బరకాన్ని అదుముతున్న మూడు మలుపులు తిరగాలి. రెండు చుట్లతో సరిపెడితే తడి దిగుతుంది, నేను చేసి చూశాను. వడ్ల రాశుల మీద కప్పే నీలిరంగు బరకం చవకే గానీ ఎండకు ఎండి మడతల దగ్గర చిట్లుతుంది, మూతంతా మడతలే అయిన సంచికి అది పనికిరాదు. అందుకని లారీలకు వేసే, పాలిస్టరు నేత మీద పీవీసీ పూసిన బరకాన్ని, చదరపు మీటరుకు 650 గ్రాములు తూగేదాన్ని, నారింజ రంగులో ఎంచుకున్నాము. ఆ రంగు అందానికి కాదు, ఎర్రనీటిలో పడితే కనబడడానికి. ప్రక్క అతుకులకు సూది తగలనివ్వకుండా వేడిగాలి గన్నుతో అతికించారు, ఎందుకంటే కుట్టిన ప్రతి రంధ్రమూ నీటికి దారే, అందులోని దారం మళ్లీ ఇంకో వత్తి. మూతి పట్టీకి మాత్రం దుకాణదారు సొంత తెలివి వాడి, గోడల మీద కరెంటు వైర్లను కప్పే కేసింగు మూతను కోసి లోపల పెట్టాడు. నాలుగు నెలలయినా అది వంగలేదు.

నీటి సంగతి ఇలా తేలింది గానీ, బకిల్ అనేది నొక్కితే ఊడేది, దానికి కాపలా గుణం లేదు. తాళం వేయడానికి మూతి కింద ఇత్తడి రింగులు కొట్టిద్దామంటే, చుట్టకు దిగువన పడే ప్రతి రింగూ నీటికి తెరిచిన తలుపవుతుంది. మూతి పని మొత్తంలో అసలు ముడి ఇక్కడే ఉంది: సీలుకు ఒక రంధ్రం కావాలి, నీటికి ఏ రంధ్రమూ ఉండకూడదు. దుకాణదారు వెనుక వైపు నుండి ఒక నాలుక లాంటి పట్టీని చుట్ట మీదుగా ముందుకు తెచ్చి, అక్కడి రింగుకు తగిలించి సీలు వేసే ఏర్పాటు చేశాడు. ఆ పట్టీని ముందుగా చిన్న ముక్కకు కుట్టి, ఆ ముక్కను తొడుగు మీద అతికించాడు గనుక సూది తొడుగు ఒంటిని తాకలేదు. చూడడానికి అంతా సవ్యంగానే ఉంది. ఇంటికి తెచ్చి రాత్రి దీపం ముందు పరీక్షించాను. మధ్యలో నాలుక పట్టి ఉంచినా, బకిల్ ఊడదీస్తే చుట్ట చివర వదులవుతుంది. ఆ సందులోంచి ఒక చీపురుపుల్లను చీల్చి లోపలికి పోనిచ్చి, ఒక ఇన్‌లాండ్ ఉత్తరం అంచును చీలికలో ఇరికించి, పుల్లను మెల్లగా తిప్పితే ఉత్తరం దాని చుట్టూ చుట్టుకుని బయటకు వచ్చింది. నిజమే, తొడుగు లోపల మరో సీలు వేసిన సంచి ఉంటుంది. అయినా నంబరు చెడకుండా లోపలికి పుల్ల పోయే మూతిని మూతి అనడానికి నాకు మనసొప్పలేదు.

మూడోసారి కుదిరింది. ఇప్పుడు నాలుకలు రెండు, రెండు చివరలకూ నాలుగేసి వేళ్ల దూరంలో ఉన్నాయి. ఒక్కొక్క నాలుక చుట్ట మీదుగా వచ్చి, తన చీలికతో ముందున్న డీ రింగు మీద కూర్చుంటుంది. ఎడమ చివర గట్టిగా అతికించిన ఒక సన్నని పట్టీ, పాత ఇనప్పెట్టె గొళ్లెం లాగా, ఆ రెండు రింగుల్లోంచీ దూరి కుడి చివరన ఉన్న మూడో రింగు దగ్గరికి చేరుతుంది. అక్కడ పట్టీ కొసకూ రింగుకూ కలిపి ఒకే ఒక నంబరు సీలు పడుతుంది. రంధ్రాలన్నీ బయటి పట్టీల్లోనే ఉన్నాయి, నీటి గోడకు ఒక్కటీ లేదు. కత్తి పెట్టి తొడుగు పొట్ట కోసేవాణ్ణి ఈ మూతి ఆపలేదు, ఆపాలని నేను అడగనూ లేదు. కోసిన గాటు మాత్రం రేవులో ఎవరికైనా కనబడుతుంది, సీలు నుండి నేను ఆశించేది అంతవరకే.

నీటి పరీక్షను మా ఊరి చెరువు మెట్ల దగ్గర చేశాను. తొడుగులో పాత పేపర్లు కుక్కి, మూడు చుట్లు చుట్టి ముంచబోతే, లోపలి గాలికి అది బెండులా తేలింది. రెండు ఇటుకలు కట్టి అరగంట సేపు నీటి అడుగున ఉంచితే, ఒక మూల పేపరు అంచు అరచేతి మేర చెమ్మగిల్లింది, తక్కినవన్నీ గలగలలాడుతూ వచ్చాయి. ఆ మూల ఎక్కడిదో చూస్తే, చుట్టేటప్పుడు నేను అంచులు సమంగా కలపలేదని తెలిసింది. తేలడం వలన ఒక లాభం తోచింది. మొదట్లో మోకాలితో నొక్కి గాలంతా తీసేసి మూసేవాణ్ణి. ఇప్పుడు కొంత గాలి ఉండనిస్తున్నాను, పడవ ఒరిగి సంచి జారినా మునగకుండా కంటికి ఆనుతుంది. మరీ ఎక్కువ ఉంచితే మాత్రం పైన బియ్యం బస్తా వేసినప్పుడు ఆ ఒత్తిడికి చుట్ట వదులవుతుంది.

శ్రావణ భాద్రపదాలలో పడవ అడుగున చేరిన నీటిలో ఈ తొడుగు పడి ఉన్న రోజులు చాలా ఉన్నాయి. తడిసిన కాగితం ఒక్కటి కూడా రాలేదు. బయట బురద కొట్టుకుని వచ్చినా, బోరింగు దగ్గర రెండు చెంబుల నీళ్లతో కడిగితే శుభ్రపడుతుంది. సంచి అందుకోగానే నేను మొదట సీలు నంబరును, ఆ నంబరు రాసి పంపిన చీటీతో పోల్చుకుంటాను, తరువాత రెండు నాలుకలూ లాగి చూస్తాను, ఆ పైనే కత్తిరిస్తాను. కత్తిరించిన సీలును, శాఖ సంచి పురికొసను ఒకే చోట కోసి సీలుతో సహా దాచినట్టే, లోపలివన్నీ సరిచూసుకునేదాకా బల్ల మీద ఉంచుతాను.

లోపాలు లేకపోలేదు. గాలి ఆడని బరకం కాబట్టి, శాఖ సంచి కొద్దిగా తడిగా లోపలికి పోయిందా, మధ్యలో కాసిన ఎండకు ఆవిరి పుట్టి తొడుగు లోపలి గోడల మీద చెమట పడుతుంది. ఒక శనివారం సాయంత్రం అలా మూసి ఉంచిన ఖాళీ సంచికి సోమవారానికల్లా బూజు వాసన పట్టింది. ఇప్పుడు పని కాగానే తొడుగును తిరగేసి దండెం మీద వేస్తున్నాను. మొదట వేసిన డీ రింగులు మామూలు ఇనుమువి, సముద్రపు గాలి తగిలే ఈ ప్రాంతంలో రెండు నెలలకే తుప్పు కారి పట్టీని కొరికాయి. ఫిర్యాదు చేస్తే స్టెయిన్‌లెస్ స్టీలువి వేశారు గానీ ఆ ఖర్చు నా మీదే వేశారు, అది నాకు నచ్చలేదు. సీళ్లలో నంబరు పైపైన అచ్చు వేసినవి తడి చేతుల రాపిడికి చెరిగిపోతున్నాయి, అంకెలు ఉబ్బెత్తుగా ఉన్నవే కొనాలి. తడి చేతులతో మూతి చుట్టి, నాలుకలు తగిలించి, పట్టీ దూర్చి, సీలు లాగడానికి నాకు రెండు నిమిషాలు పడుతుంది. పడవవాడు ఇంజను ఆపకుండా పిలుస్తున్నప్పుడు ఆ రెండు నిమిషాలు చాలా పొడుగ్గా ఉంటాయి.

కొరియరు కుర్రాళ్లు బ్యాగుల మీద వేసుకునే ఎలాస్టిక్ వాన కవరు చాలు కదా అని కొందరన్నారు. అది పైనుంచి పడే వానకు సరిపోతుంది, కిందనుంచి వచ్చే నీటికీ, ప్రక్కనుంచి వచ్చే చేతికీ అది అడ్డు కాదు.

దుకాణం పనితనానికి ఐదుకు నాలుగు ఇస్తాను. రింగుల ఖర్చు దగ్గర ఒకటి తగ్గించాను. చెప్పిన రోజుకు ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు, వరి కోతల ముందయితే బరకాల పని మీద పడి మనల్ని అసలు పట్టించుకోడు, కనుక చేయించుకునేవారు వైశాఖంలోనే వెళ్లడం మేలు. నేను ఇలాంటిదే మరో తొడుగుకు ఇప్పుడే బయానా ఇచ్చాను. ఈసారి మూతిని జానెడు పొడుగు పెంచమన్నాను, సంచి నిండుగా ఉన్న రోజున కూడా నాలుగో చుట్టు పడాలి.